‘గో’ క్రియ నానార్థములు – రష్యన్ అనువాదములు: ఒక పరిశీలనము

ఏ భాషలోనైనను మిక్కిలి తరచుగా వాడబడు పదములకే అర్థములు మిక్కిలి పెక్కుగా నుండును. అరుదైన పదమున కొకటి రెండర్థములుండుట, నిత్యవ్యవహారమున నలిగిన పదమునకు పదులకొలది అర్థము లుండుట నిఘంటువు తెరచిన ప్రతివానికిని కనబడు విషయమే. 1989లో వెలువడిన ఆక్స్‌ఫర్డు ఆంగ్ల నిఘంటువు ద్వితీయ ముద్రణమున అన్నిటికంటె దీర్ఘమైన ఆరోపము ‘సెట్’ అను చిన్న పదమునకు సంబంధించినది. ‘గో’, ‘రన్’, ‘టేక్’, ‘గెట్’ మొదలగు క్రియలును ఆ కోవలోనివే. ఈ లక్షణమునకు ఫ్రెంచి పండితుడు మిషెల్ బ్రెయాల్ 1897లో ప్రకటించిన అర్థవిజ్ఞాన గ్రంథమున ‘పాలిసెమీ’ యను సంజ్ఞను ప్రతిపాదించెను. మనము దానిని అనేకార్థకత యని వ్యవహరింపవచ్చును.

మన పూర్వులకీ విషయము క్రొత్తది కాదు. అమరసింహుడు నానార్థశబ్దములకు ప్రత్యేకముగా ఒక వర్గమునే కేటాయించెను. ‘సైంధవము’ తెమ్మనినచో భోజనవేళ ఉప్పును, ప్రయాణవేళ గుఱ్ఱమును తేవలయుననుట శాస్త్రగ్రంథములలో ప్రసిద్ధమైన ఉదాహరణము. ఇట్టి తావుల అర్థనిర్ణయమునకు తోడ్పడు సాధనములుగా భర్తృహరి వాక్యపదీయమున సంయోగము, విప్రయోగము, సాహచర్యము, ప్రకరణము, ఔచిత్యము, దేశము, కాలము మొదలగువానిని పరిగణించెను. ఒక భాషలోని నానార్థపదమును మరియొక భాషలోనికి మార్చువానికి ఈ పట్టిక నేటికిని ఉపయోగకరమే.

ఈ వ్యాసమున ఆంగ్లభాషలోని ‘గో’ క్రియను గ్రహించి, దాని ప్రధానార్థములకు రష్యన్ భాష ఏయే పదములను వాడుచున్నదో పరిశీలించి, ఆ రెంటి ప్రక్కను తెలుగును నిలిపి చూచుటకు ప్రయత్నించితిని. ఇందులకొక కారణము గలదు. రష్యన్ సాహిత్యము తెలుగునకు మొదట ప్రాయికముగా ఆంగ్లానువాదముల ద్వారానే వచ్చినది. తరువాతి కాలమున మాస్కోలోని ప్రచురణసంస్థలు నేరుగా రష్యన్ నుండి తెనిగింపజేసిన గ్రంథములు కొన్ని వెలువడినను, మన పరిశోధక విద్యార్థులు నేటికిని టాల్‌స్టాయిని, చెహోవును ఆంగ్లమునందే చదువుచున్నారు. నడుమనున్న భాష ఎచ్చట ఏమి పోగొట్టుచున్నదో తెలియనిచో తులనాత్మక పరిశోధనము దెబ్బతినును. రష్యన్ పదములను వాని వర్ణక్రమమునకు వీలైనంత దగ్గరగా తెలుగు లిపిలో చూపితిని.

1. గమనము

‘గో’ క్రియకు ముఖ్యార్థము ఒక చోటినుండి మరియొక చోటికి కదలుట. ఆంగ్లమున కాలినడకనైనను, బండిమీదనైనను, ఓడమీదనైనను ‘గో’ అనిన చాలును. రష్యన్‌లో అట్లు చెల్లదు. నడచి పోవుటకు ‘ఇద్తీ’, వాహనముపై పోవుటకు ‘యేఖత్’, ఎగిరి పోవుటకు ‘లెతేత్’, నీటిపై పోవుటకు ‘ప్లీత్’ అని వేర్వేరు క్రియలు గలవు. వీనిలో కొన్ని సంస్కృతజ్ఞులకు చుట్టములే. ‘ఇద్తీ’లోని మూలము, సంస్కృతమున ‘ఏతి’ యను రూపమిచ్చు ఇణ్ ధాతువు ఒక్క మూలభాషనుండి వచ్చినవి. అట్లే ‘యేఖత్’ యా ధాతువునకును, ‘ప్లీత్’ ప్లు ధాతువునకును సజాతీయములు. సంస్కృతమున ‘యాత్ర’, ‘యానము’ అను పదములు యా ధాతువునుండి పుట్టినవే యని తలచినచో వాహనార్థమున రష్యన్ ఆ మూలమునే నిలుపుకొనుట విద్యార్థికి సులభముగా గుర్తుండును.

ఇంతటితో ముగియలేదు. ఈ ప్రతి క్రియకును ఒక జంట గలదు. ‘ఇద్తీ’ ఒక దిక్కుగా ఒక మారు సాగు నడకను చెప్పును. ‘ఖొదీత్’ పలుమారులు జరుగునట్టి లేదా పోయి తిరిగివచ్చునట్టి నడకను చెప్పును. ‘యేఖత్’, ‘యేజ్దిత్’ అను రెంటికిని ఇదియే భేదము. బడికి పోవుచు త్రోవలో నున్న బాలుడు ‘ఇదూ’ అనును. తాను బడిలో చదువుకొను బాలుడనని చెప్పదలచినచో ‘ఖఝూ’ అనును.

వర్తమానమున ఆంగ్లము ఈ భేదమును కాలరూపములచే కొంత చూపగలదు. భూతమున చూపుట కష్టము. ‘హి వెంట్ టు మాస్కో’ అను వాక్యమును తీసికొందము. అతడు బయలుదేరి పోయెనని మాత్రమే చెప్పుటయా, పోయి తిరిగి వచ్చెనని చెప్పుటయా యనునది ఆ వాక్యమున లేదు. రష్యన్‌లో మొదటిదానికి ‘పొయేఖల్’, రెండవదానికి ‘యేజ్దిల్’ అని క్రియయే వేరు. తెలుగున మనము ‘మాస్కోకు పోయెను’ అనియు, ‘మాస్కోకు పోయివచ్చెను’ అనియు సహజముగా వేరుచేసి చెప్పుదుము. కావున రష్యన్ చెప్పిన భేదమును తెలుగు చెప్పగలదు. నడుమనున్న ఆంగ్లము మాత్రము దానిని మ్రింగివేయుచున్నది. కథలో ఇల్లాలు ఎదురుచూచుచుండగా భర్త పట్టణమునకు పోయెనో, పోయివచ్చెనో యనునది చిన్న విషయము కాదు. ఆంగ్లము ద్వారా తెనిగించువాడు ప్రకరణమును జాగ్రత్తగా చూడనిచో అచ్చట కథయే తప్పుదారి పట్టును.

2. నిష్క్రమణము, మరణము

‘గో’ క్రియకు రెండవ ముఖ్యార్థము ఉన్న చోటు విడచుట. రష్యన్‌లో ఈ అర్థము ఉపసర్గచే సాధింపబడును. ‘ఉ’ అను ఉపసర్గ చేరగా ‘ఉషోల్’ (నడచి వెడలెను), ‘ఉయేఖల్’ (వాహనముపై వెడలెను) అను రూపములు వచ్చును. ఆంగ్లమున ‘ఇన్’, ‘ఔట్’, ‘అప్’ మొదలగు పదములు క్రియకు తరువాత చేరి చేయు పనిని రష్యన్‌లో ఉపసర్గలు క్రియకు ముందు చేరి చేయును. లోనికి పోవుట ‘వొయ్తీ’, వెలుపలికి పోవుట ‘వీయ్తి’, దాటి పోవుట ‘పెరెయ్తీ’. నిర్గమించు, అతిక్రమించు, అధిగమించు అను తత్సమములు తెలిసిన మనకీ పద్ధతి దురవగాహము కాదు. అచ్చతెలుగు మాత్రము వేరు మార్గమున పోయి వెడలు, ఎక్కు, దిగు, దాటు, చొచ్చు అని ప్రత్యేక ధాతువులను వాడుకొన్నది.

ఆంగ్లమున ‘హి ఈజ్ గాన్’ అనినచో వెళ్ళిపోయెననియు, మరణించెననియు రెండర్థములు. తెలుగు ‘పోయినాడు’ కూడ అట్టిదే. అయితే రెంటి పలుకుబడి ఒక్కటి కాదు. ఒకమారు తరగతిలో అతిథి సభనుండి వెళ్ళిపోయెనను వాక్యమును అనువదింపుమనగా, ఒక విద్యార్థి ‘అతిథి పోయినారు’ అని వ్రాసెను. తరగతి యంతయు నవ్వినది. పాపము, ఆ విద్యార్థి పదమునకు సరియైన పదమునే వైచెను. తెలుగున పెద్దలను గూర్చి ‘పోయినారు’ అనినచో మొదట స్ఫురించునది మరణమేయని మాత్రము మరచెను. మన యిండ్లలో బయలుదేరువాడు ‘పోవుచున్నాను’ అనక ‘పోయివచ్చెదను’ అనుటయు ఈ భయముచేతనే. రష్యన్‌లో ఒంటిగా నున్న ‘ఉషోల్’కు వెళ్ళిపోయెననునదియే మొదటి అర్థము. మరణమును మర్యాదగా సూచింపవలసినచో ‘ఇజ్ జీజ్ని’ (జీవితమునుండి) అను మాటను చేర్చి ‘జీవితమునుండి వెడలెను’ అందురు. మూడు భాషలకును రూపకమొక్కటియే. కాని ఆ రూపకము ఎంతవరకు నలిగినదో, ఎచ్చట అమంగళమగునో, ఎచ్చట గౌరవమగునో ప్రతి భాషకును వేరు. నిఘంటువు చూపవలసినది రూపకమును మాత్రమే కాక దాని పలుకుబడిని గూడ.

3. నడచుట, జరుగుట

గడియారము పనిచేయుచున్నదనుటకు ఆంగ్లమున ‘గో’ చెల్లును. రష్యన్‌లో ‘చసీ ఇదూత్’ అందురు. అనగా గడియారము కాళ్ళతో నడచుచున్నదనుటే. తెలుగున మనమును ‘గడియారము నడచుచున్నది’ అందుము, పోవుచున్నదనము. ఇచ్చట తెలుగు ఆంగ్లమునకంటె రష్యన్‌కే చేరువ. రైలు విషయమును అట్లే. ప్రయాణికుడు పోవుటను ‘యేఖత్’ అను రష్యన్, రైలు పోవుటను సాధారణముగా ‘ఇద్తీ’ అనును. మనకును రైళ్ళు, బస్సులు ‘నడచును’. అందలి మనుజులు మాత్రము నడువరు.

ఇచ్చటినుండి రష్యన్ ‘ఇద్తీ’ ఆంగ్ల ‘గో’ వెంట రాక తన త్రోవను పోవును. వాన కురియుచున్నదనుటకు ‘దొఝ్ద్ ఇద్యోత్’, మంచు కురియుచున్నదనుటకు ‘స్న్యేగ్ ఇద్యోత్’ అందురు. పాఠము జరుగుచున్నను, చిత్రశాలలో చిత్రము ఆడుచున్నను ‘ఇద్యోత్’ అనియే. ఆంగ్లమున వానయు మంచును స్వయముగా క్రియలగును. తెలుగున వాన పడును, కురియును. అయినను తెలుగు ‘జరుగు’ ధాతువును గమనింపుడు. ‘ప్రక్కకు జరుగుము’ అనునపుడు అది కదలికను చెప్పును. ‘పెండ్లి జరిగెను’ అనునపుడు సంభవించుటను చెప్పును. కదలికను చెప్పు ధాతువు సంఘటనార్థమునకు పరిణమించుట తెలుగునకును సహజమేయని దీనివలన తేలుచున్నది. ఏ ధాతువునకు ఆ పరిణామము కలుగునన్నదే భాషాభేదము.

గత్యర్థకధాతువులు జ్ఞానార్థకములు కూడ నగునని సంస్కృత వైయాకరణులు చెప్పుదురు. ‘అవగతము’ అందులకు నిదర్శనము. రష్యన్‌లోను తెలియరానిది తెలిసినపుడు ‘దొష్లో’ (చేరెను) అను నడకక్రియను వాడుదురు.

4. స్థితిపరిణామము

‘గో’ క్రియకు ‘అగు’ అను అర్థమును గలదు. అది తరచుగా చెడు మార్పులతోనే కూడుకొనును. పిచ్చివాడగుట, గ్రుడ్డివాడగుట, పాలు పులియుట, తల నెరయుట – వీనికన్నిటికిని ఆంగ్లము ‘గో’తో ఒక విశేషణమును జేర్చును. రష్యన్‌లో ఇచ్చట గమనక్రియ ప్రాయికముగా ఉండదు. ‘స్లెపోయ్’ (గ్రుడ్డి) అను విశేషణమునకు సంబంధించిన ‘ఒస్లేప్నుత్’, ‘సెదోయ్’ (నెరసిన) అనుదానినుండి ‘పొసెదేత్’, ‘కీస్లీ’ (పుల్లని) అనుదానికి సంబంధించిన ‘స్కీస్నుత్’ – ఇట్లు ప్రతి మార్పునకు ఒక క్రియ. పిచ్చివాడగుటకు మాత్రము ‘సొయ్తీ స్ ఉమా’, అనగా ‘బుద్ధినుండి దిగిపోవుట’ యందురు. మనకు పిచ్చి ఎక్కును, వారు బుద్ధినుండి దిగుదురు!

తెలుగున ఇట్టి తావులలో పులిసిపోవు, మురిగిపోవు, ఎండిపోవు, చచ్చిపోవు అని ‘పోవు’ అనుప్రయుక్తమగును. ఈ ‘పోవు’ గమనమును చెప్పదు. మార్పు సంపూర్ణమై ఇక మరలరాదని చెప్పును. రష్యన్ క్రియలలో ఈ పనినే సంపూర్ణతాభేదము చేయును. ‘ఉమిరాల్’ అనినచో చావునకు సిద్ధమై యుండెను. ‘ఊమెర్’ అనినచో చచ్చిపోయెను. అయితే ఈ సాదృశ్యమును మితిమీరి సాగదీయరాదు. రష్యన్‌లో సంపూర్ణతాభేదము క్రియావ్యవస్థ యంతటను వ్యాపించినది. తెలుగు ‘పోవు’ ప్రాయికముగా అకర్మకములతోను, మరచిపోవు వంటి కొలది సకర్మకములతోను చేరును; ఇతర సకర్మకములకు ‘చేసివేయు’ మొదలగు రూపములందు ‘వేయు’ ఆ పని చేయును.

5. భావ్యర్థము

ఆంగ్లమున ‘గోయింగ్ టు’ అను పదబంధము సమీపభవిష్యత్తును తెల్పును. తెలుగు కావ్యభాషయందును వ్యవహారమునందును గల ‘చేయబోవు’ రూపము దీనికి ఆశ్చర్యకరమైన జోడు. తుమున్నర్థక రూపముపై ‘పోవు’ చేరి ‘చేయబోవు’ అగును; ‘చెట్టు పడబోవుచున్నది’ అనునపుడు చెట్టు ఎక్కడికిని పోదు. జ్ఞాతిసంబంధము లేని రెండు భాషలు ఒక్క త్రోవను త్రొక్కుటకిది చక్కని నిదర్శనము. రష్యన్‌కు ఈ త్రోవ లేదు. మనుష్యుని ఉద్దేశమైనచో ‘సొబిరాత్స్య’ అందురు. ఆ పదమునకు మూలార్థము కూడుకొనుట, సమకట్టుకొనుట. చెట్టు పడబోవుటకు ‘సిచాస్’ (ఇప్పుడే) అను మాటతో సంపూర్ణక్రియయొక్క భవిష్యద్రూపమును వాడుదురు. ఇచ్చట తెలుగు రష్యన్‌ను విడిచి ఆంగ్లముతో చేయి కలిపినది. కావున ఏ భాష ఏ భాషకు దగ్గర యను ప్రశ్నకు మొత్తముమీద ఒక్క సమాధానము లేదు. అర్థము అర్థమునకు సమాధానము మారుచుండును.

6. ఉపసంహారము

పై పరిశీలనమువలన తేలినది యిది. ‘గో’ క్రియకు రష్యన్‌లో సమానపదము లేదు. ‘గో’ క్రియయొక్క ఒక్కొక్క అర్థమునకు మాత్రమే సమానపదము గలదు. నిఘంటువున ‘గో’ ఎదుట ‘ఇద్తీ, యేఖత్’ అనియో, ‘పోవు, వెళ్లు’ అనియో వరుసగా వ్రాసినచో చదువరికి పదములు లభించును గాని వానిలో దేనిని ఎన్నుకొనవలెనో తెలియదు. 1972లో మాస్కోలో వెలువడిన తెలుగు-రష్యన్ నిఘంటువు ఈ రెండు భాషల నడుమ నేరుగా వైచిన ఒక వంతెన. అట్టి వంతెనలను విస్తరింపదలచినవారు ప్రతి ఆరోపమునను నాలుగు విషయములను చూపవలెనని నా మనవి: ఆ అర్థమున పదము ఏ యితరపదముల సాహచర్యమును కోరును, ఏ భేదమును తప్పక చెప్పును, దేనిని చెప్పక విడుచును, వినువానికి దాని పలుకుబడి ఎట్టిది.

ఆంగ్లానువాదము నాధారము చేసికొని రష్యన్ కథలను పరిశీలించు పరిశోధకులకు గమనక్రియ కనబడిన ప్రతిచోటను ఒక్క క్షణము ఆగుట మంచిది. పోయినవాడు నడచి పోయెనా, బండిపై పోయెనా, తిరిగి వచ్చెనా యని మూలమును విచారింపవలెను. రష్యన్ రానివారు తెలిసినవారి నడుగవచ్చును. మూలవాక్యమున ఒక్క క్రియను చూచినచో చాలును. ఆ చిన్న శ్రమను తప్పించుకొనినచో రచయిత చెప్పని దానిని చెప్పెననియు, చెప్పిన దానిని చెప్పలేదనియు మనము సిద్ధాంతము చేయు ప్రమాదము గలదు.