రెండు చక్రాలు, రెండు కోణాలు

పాత అంబాసిడర్ ముందు భాగాన్ని జాకీ మీద లేపి, స్టీరింగ్‌ను ఎడమవైపు ఆఖరిదాకా తిప్పి, కారుకు ఎదురుగా నిలబడి చూడండి. కారు ఎడమ చక్రం ఎక్కువ తిరిగి ఉంటుంది, కుడి చక్రం తక్కువ. మా క్లాసులో ఒక కుర్రాడు ఇది చూసి “సార్, ఏదో రాడ్డు వంగినట్టుంది” అన్నాడు. వంగలేదు. రెండూ సమానంగా తిరిగితేనే అనుమానించాలి.

కారు మలుపు తిరిగేటప్పుడు నాలుగు చక్రాలూ ఒకే కేంద్రం చుట్టూ తిరగాలి. వెనక చక్రాలు పక్కకి తిరగవు కాబట్టి ఆ కేంద్రం వెనక ఇరుసును పొడిగించిన గీత మీదే ఎక్కడో ఉంటుంది. ముందు చక్రాల ఇరుసు గీతలూ అక్కడికే వచ్చి కలవాలి. ముందు వెనక చక్రాల మధ్య 2.5 మీటర్లు, ఎడమ కుడి చక్రాల మధ్య 1.3 మీటర్లు ఉన్న కారును తీసుకుందాం. లోపలివైపు వెనక చక్రానికి 4 మీటర్ల దూరంలో మలుపు కేంద్రం ఉంటే, ముందున్న లోపలి చక్రం 32 డిగ్రీలు తిరగాలి, బయటిది 25 డిగ్రీలు చాలు. ఏడు డిగ్రీల తేడా! రెండింటినీ ఒకే కోణంలో తిప్పితే ఏదో ఒక టైరు దొర్లడం మాని రోడ్డు మీద అడ్డంగా ఈడ్చుకుపోతుంది.

గుర్రబ్బగ్గీల కాలంలో ఈ చిక్కు లేదు. ముందు ఇరుసు మొత్తం నడిమధ్య మేకు మీద తిరిగేది, జ్యామితి దానంతటదే కుదిరేది. కానీ ఇరుసు తిరిగినప్పుడు చక్రం బండి కిందికి చొచ్చుకొచ్చి, బండి నిలబడే ఆధారం సన్నబడి, ఒక పక్కకి ఒరిగేది. ఒక చక్రానికి రాయి తగిలినా ఇరుసంతా గిర్రున తిరగబోయేది. మన గుళ్ల రథాలు ఈ గొడవే పెట్టుకోలేదు. వాటి ఇరుసు అసలు తిరగదు. చక్రం ముందు చెక్క దిమ్మలు అడ్డం పెట్టి, రాపిడితోనే రథాన్ని మలుపుతారు. అంత బరువును అలా తిప్పడం చూస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇరుసును కదలనివ్వకుండా దాని రెండు కొసల్లోనూ చక్రాలను విడివిడిగా తిప్పాలన్న ఊహ మొదట ఎవరికి వచ్చింది? ఇక్కడే నాకిష్టమైన తగాదా ఉంది. ఇంగ్లండులో లిచ్‌ఫీల్డ్ అనే ఊళ్లో ఎరాస్మస్ డార్విన్ అనే వైద్యుడు ఉండేవాడు. పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్‌కు తాత. రోగుల కోసం గతుకుల దారుల్లో బగ్గీ వేసుకుని తిరిగి తిరిగి, 1750ల చివర్లోనే ఈ ఏర్పాటు గీసుకున్నాడు. యంత్రాల పిచ్చి బయటపడితే వైద్యుడిగా పేరు పోతుందని పేటెంటు జోలికి పోలేదు. 1768లో బండి మీంచి పడి మోకాలి చిప్ప పగలగొట్టుకున్నాడు కూడా. డార్విన్ ఆ ఏర్పాటు గీసుకున్న దాదాపు అరవై ఏళ్లకు మ్యూనిక్‌లో బగ్గీలు కట్టే గేయార్గ్ లాంకెన్‌స్పెర్గర్ అదే ఆలోచన మళ్లీ చేశాడు. లండన్‌లో అతని తరఫున 1818లో పేటెంటు తీసుకున్నవాడు రుడాల్ఫ్ ఆకర్‌మన్. చిత్రాల ముద్రణ ఆయన వ్యాపారం. నెల్సన్ అంత్యక్రియలకు శవవాహనం రూపొందించింది కూడా ఆయనే. చివరికి పేరు ఆయనకు దక్కింది. ఇంజినీరింగ్ పుస్తకాల్లో అంతా ఆకర్‌మన్ జ్యామితే. పేటెంటు కాగితం మీద సంతకం చేసినవాడికే కీర్తి దక్కడం నాకైతే కొంచెం అన్యాయంగానే తోస్తుంది.

సరే, రెండు చక్రాలూ విడివిడిగా తిరిగితే వాటికి వేర్వేరు కోణాలు ఇచ్చేదెవరు? గేర్లు లేవు, కామ్‌లు లేవు. పాతకాలపు ఏర్పాటులో ఒక్కో చక్రం తిరిగే పిన్ను నుంచి వెనక్కి ఒక పొట్టి చెయ్యి ఉంటుంది. ఆ రెండు చేతుల కొసలనూ ఒక అడ్డ రాడ్డు కలుపుతుంది. చేతులు తిన్నగా వెనక్కి ఉంటే రెండు చక్రాలూ సమానంగా తిరుగుతాయి. కిటుకల్లా వాటిని కాస్త లోపలికి వంచడంలో ఉంది. ఎంత వంచాలో 1878లో ఫ్రాన్సులో బళ్లు తయారుచేసే షార్ల్ జాంతో తేల్చాడు: చేతుల గీతలను పొడిగిస్తే వెనక ఇరుసు నడిమధ్యన కలవాలి.

ఇప్పుడు ఎడమవైపు తిప్పండి. రాడ్డు కుడివైపు జరుగుతుంది. ఎడమ చెయ్యి అప్పటికే కుడికి వాలి ఉంది. ఇంకా వాలుతున్నకొద్దీ దాని కొస వృత్తం అంచు వైపు పోతుంది. అక్కడ కొస ముందుకు జరిగేది ఎక్కువ, పక్కకి జరిగేది తక్కువ. రాడ్డు లాగినంత పక్కకి రావాలంటే చెయ్యి చాలా తిరగాలి. కుడి చెయ్యి మాత్రం వాలు వదిలి తిన్నదనానికి వస్తుంది. అక్కడ కొద్దిగా తిరిగితే చాలు, కొస బోలెడంత పక్కకి జరుగుతుంది. ఒకే రాడ్డు, ఒకే జరుగుడు, రెండు కోణాలు. పైన చెప్పిన కొలతలకే లెక్క వేస్తే, బయటి చక్రం 25 డిగ్రీలు తిరిగినప్పుడు లోపలిది సుమారు 29 తిరుగుతుంది. కావలసినవి 32. మిగతా మూడు డిగ్రీలను టైరు రబ్బరు సర్దుకుంటుంది.

మిగతా కథ గబగబా చెప్పేస్తాను. జాంతో కంటే ముందే, 1873లో, అమెదే బొల్లే తన ఆవిరి బండికి ఇలాంటి స్టీరింగే పెట్టాడు. కార్ల్ బెంజ్ 1886 నాటి మోటారు బండి మూడు చక్రాలదే; 1893లో ఇలాంటి స్టీరింగ్‌కు పేటెంటు తీసుకున్నాకే నాలుగు చక్రాలకు ఎక్కాడు. బ్రిటన్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌తో పాటు ఈ స్టీరింగూ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీకి చేరింది; ఆ కారే 1950ల చివరి నుంచి 2014 దాకా అంబాసిడర్‌గా తయారైంది. అందులో అడ్డ రాడ్డు బదులు పళ్ల కడ్డీ, దాని రెండు కొసల్లో టై రాడ్లు. పని అదే.

ఇంత సున్నితమైన జ్యామితి నిలబడేది బాల్ జాయింట్లు, రబ్బరు బుష్‌లు, కాసింత గ్రీజు మీద. పాత కారులో ముందు చెడేవీ అవే. స్టీరింగ్ కొట్టుకుంటోందనగానే అలైన్‌మెంట్ షాపుకి పరిగెత్తేవాళ్లే ఎక్కువ. వదులుగా ఉన్న జాయింటు మీద కోణం కొలిస్తే అది నిలబడి ఉన్న కారు కోణం మాత్రమే, రోడ్డెక్కగానే మారిపోతుంది. ముందు వదులు పట్టుకోవాలి. నేల మీదే కారు ఉంచి, ఇంజన్ ఆపి, ఒకరిని స్టీరింగ్ అటూ ఇటూ కొద్దిగా ఆడించమని, కింద టై రాడ్ ఎండ్ల మీద వేలు పెట్టి చూడండి. రాడ్డు కదిలి స్టీరింగ్ చెయ్యి కదలకపోతే దొంగ దొరికినట్టే. తర్వాత జాకీ, దానికి తోడు స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే ఎవరినైనా బ్రేకు తొక్కమనండి. ఊగుడు ఆగిపోతే తప్పు వీల్ బేరింగుది. ఆగకపోతే చక్రం తిరిగే కింగ్ పిన్నుదో, బాల్ జాయింటుదో.

టైరు మీద అరచెయ్యి అడ్డంగా నిమిరినా సంగతి తెలుస్తుంది. ఒకవైపు నున్నగా, వెనక్కి నిమిరితే గరుగ్గా తగిలితే టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో చూసే కోణం, తప్పింది. ఒక అంచు మాత్రమే అరిగితే కాంబర్ మీద, అంటే చక్రం నిటారు నుంచి పక్కకి వాలిన కోణం మీద, అనుమానపడాలి. అక్కడక్కడా గుంటలు పడితే షాక్ అబ్జార్బర్లు అలిసిపోయాయి. ఒక వేగం దగ్గర వణికి, అది దాటాక సర్దుకుంటే ముందు వీల్ బ్యాలెన్సింగ్. పక్కకి లాగితే మొదట గాలి చూడాలి, తర్వాత బ్రేకు పట్టేస్తోందేమో చూడాలి.

మలుపు అయ్యాక స్టీరింగ్ దానంతటదే వెనక్కి రాకపోతే అది కాస్టర్ కథ. చక్రం తిరిగే పిన్ను కాస్త వెనక్కి వాలి ఉంటుంది. దాని గీత రోడ్డును తాకే చోటు ముందు, టైరు ఆనే చోటు వెనక. ఆసుపత్రి స్ట్రెచర్ చక్రంలా టైరు ఎప్పుడూ వెనకబడి, తిన్నగా సర్దుకుంటుంది. గ్రీజు ఎండి బిగుసుకుంటే ఆ గుణం చచ్చిపోతుంది.

అంబాసిడర్‌కు ఇంకో ప్రత్యేకత. ముందు చక్రాల బరువు మోసేది చుట్ట స్ప్రింగు కాదు, మెలిపడే పొడవాటి ఉక్కు కడ్డీ. ఏళ్లు గడిచేసరికి అది అలసి, కారు ముక్కు కిందికి దిగుతుంది. టై రాడ్లను ముట్టకపోయినా కోణాలన్నీ మారిపోతాయి. కాబట్టి ఎత్తు సరిచేశాకే మిగతా కొలతలు.

అన్నీ సరిగా ఉండి, తిన్నగా వెళ్తే ఏ లోపమూ లేని కారు నెమ్మదైన మలుపుల్లో టైర్లు కీచుమనిపిస్తే, ఎప్పుడో గోతిలోనో రాయి మీదో దెబ్బ తగిలి స్టీరింగ్ చెయ్యి వంగి ఉండొచ్చు. తిన్నగా నిలిపి టో చూస్తే ఇది బయటపడదు. చక్రాలను తిరిగే పళ్లేల మీద నిలిపి, ఒకదాన్ని 20 డిగ్రీలు తిప్పి రెండోది ఎంత తిరిగిందో చదవాలి. తర్వాత అటువైపు తిప్పి చూడాలి. రెండు వైపులా తేడా ఒకేలా రాకపోతే ఆ చేతిని సుత్తితో కొట్టి సరిచేయనివ్వకండి, కొత్తది వేయించండి. ఒకసారి వంగి సరిచేసిన ఉక్కు ఎప్పుడు విరుగుతుందో చెప్పి విరగదు.