పేరొకటే, ఆటలు రెండు

2025 సంక్రాంతికి మేము దివిసీమలో అవనిగడ్డకు చేరువనున్న ఒక బంధువుల ఇంట మూడు రోజులు గడిపినాము. ఆ ఇంటి పెద్దగారికి ఇద్దరు కుమారులు. పెద్దవారి కాపురం బందరులో, చిన్నవారి కాపురం గుడివాడలో. ఇద్దరికీ చెరియొక కొడుకు. పండుగకు పిల్లలిద్దరూ తాతగారింటికి చేరినారు. బందరు అబ్బాయి సంచిలో బట్టలకంటె ముందు ఒక నల్లని పెట్టెను సర్దుకొని వచ్చినాడు. అది ప్లేస్టేషన్ 4. దానిని హాలులోని టెలివిజనుకు తగిలించి, అన్నదమ్ములిద్దరూ ఫుట్‌బాల్ ఆటకు కూర్చున్నారు. ఆ ఆట పేరు ఇ.ఏ. స్పోర్ట్స్ ఎఫ్.సి. 25.

ఐదు నిమిషాలు గడిచినవో లేదో తగవు వచ్చినది.

"అన్నయ్యా, ఇది మా ఇంట్లో ఉన్న ఆట కాదు. వీళ్ళ పరుగే వేరుగా ఉంది," అన్నాడు గుడివాడ చిన్నవాడు.

"పేరు చూడరా! అదే ఆట. ఓడిపోతున్నావని సాకు చెబుతున్నావు," అన్నాడు పెద్దవాడు.

గుడివాడ ఇంట ఉన్నది కంప్యూటరు. దానిలో ఉన్నదీ ఈ పేరుగల ఆటే, ఆ సంవత్సరపుదే. తాతగారు మా వంక తిరిగి, "మీరు రేడియోవారు గదా, చెప్పండి. వీళ్ళు పండుగకు తప్ప కలవరు. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని సాయంత్రంపూట కలిసి ఆడుకుంటారు గదా అని ఇద్దరికీ ఒకే ఆట కొనిపెట్టాను. తీరా ఆడబోతే ఒకడికొకడు కనబడటమే లేదట. దుకాణంలో రెండూ ఒకటేనన్నారు. ఒకటేనా, కాదా?" అని అడిగినారు.

మేము ఆ క్షణాన బందరు అబ్బాయి పక్షమే వహించినాము. పేరు ఒకటైనప్పుడు ఆట ఒకటి కాక ఏమవుతుందని మా ధీమా. తరువాత తెలిసినవారిని విచారించి చూడగా, చిన్నవాడు చెప్పినదే నిజమని తేలినది. ఆ సంగతే ఈనాటి ప్రసంగం.

ముందుగా యంత్రాల మాట. ఆటకొరకే చేసిన పెట్టెను కన్సోలు అంటారు. ఇది ఒకే అచ్చున పోసిన కుంచం వంటిది. బందరులోని ప్లేస్టేషన్ 4 ఎంతో, లండనులోనిదీ అంతే. అందువలన ఆటను తయారుచేయువారు ఆ కుంచంలో ఎంత పట్టునో కచ్చితముగా కొలిచి, అంతకు సరిపడ నింపుతారు. కొన్నవారు పెట్టెను టెలివిజనుకు తగిలిస్తే చాలు, ఏ అమరికతోనూ పని లేదు. కంప్యూటరు సంగతి అట్లు కాదు. ఒక ఇంట చిత్రాలు గీయుటకు ప్రత్యేకమైన గ్రాఫిక్స్ కార్డు ఉండును, మరొక ఇంట ఉండదు. ఒకచోట జ్ఞాపకశక్తి ఎక్కువ, ఒకచోట తక్కువ. తయారీదారుకు ఏ ఇంట ఏ కుంచమున్నదో తెలియదు. కాబట్టి గడ్డిపోచల సొంపు మొదలు ప్రేక్షకుల గుంపు వరకు తగ్గించుకొనుటకో, పెంచుకొనుటకో ఆడువారికే వీలు కల్పిస్తాడు. మంచి కంప్యూటరు మీద ఈ ఆట ఏ పెట్టెకూ తీసిపోదు. సామాన్యమైన ఆఫీసు కంప్యూటరు మీద అసలు కదలనే కదలదు. దీనికి డిస్కులో నూరు గిగాబైట్ల చోటు కావలెనన్న మాట కొనబోవు ముందే తెలుసుకొనుట మంచిది.

ఇంతవరకు ఉన్న తేడా యంత్రాలది. అసలు చిక్కు దీనిలో లేదు. ఒకే పేరుతో రెండు వేరు ఆటలు అమ్మకానికి రావడములో ఉన్నది.

డెల్టావారికి శివారు భూమి అంటే వివరించనక్కరలేదు. ప్రకాశం బ్యారేజి వద్ద నీరు వదలినారని పత్రికలో చదివినంత మాత్రాన దివిసీమ చివరి చేనికి నీరు వచ్చినట్లు కాదు. ఎగువవారు నాట్లు వేస్తూ ఉండగా దిగువవారు కాలువ వంక చూస్తూ ఉంటారు. ఈ ఫుట్‌బాల్ ఆట చరిత్రలో కంప్యూటరు చాలాకాలం అట్టి శివారు భూమే.

ఇ.ఏ. స్పోర్ట్స్ సంస్థవారి మొదటి ఫిఫా ఆట 1993 డిసెంబరులో సెగా మెగాడ్రైవ్ అను కన్సోలు మీద వెలువడినది. కంప్యూటరుకు అది మరుసటి ఏడు వచ్చినది. తరువాత చాలాకాలం పెద్ద భేదము లేదు. 2005 ప్రాంతాన ఎక్స్‌బాక్స్ 360, ఆ మరుసటి సంవత్సరం ప్లేస్టేషన్ 3 వచ్చిన తరువాత కన్సోళ్ళకు కొత్త ఆట తయారైనది. కంప్యూటరుకు మాత్రం వెనుకటి ప్లేస్టేషన్ 2 నాటి ఆటనే సంవత్సరం మార్చి ఇస్తూ వచ్చినారు. 2009లో వచ్చిన ఫిఫా 10లో ఆటగాడు బంతితో ఏ దిక్కుకైనా తిరుగగలిగిన విధానమును ప్రవేశపెట్టినారు. అది కూడా ఆ కన్సోళ్ళకే. కంప్యూటరుకు ఆ నీరు 2010లో, ఫిఫా 11తో అందినది.

అంతటితో తీరినదా అంటే, తీరలేదు. 2013లో ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ వచ్చినవి. ఆ ఏటి ఫిఫా 14 వాటికి కొత్తది, కంప్యూటరుకు పాతది. మరుసటి ఏడు రెండూ కలిసినవి. 2020లో ప్లేస్టేషన్ 5 వచ్చినది, మళ్ళీ అదే కథ. ఫిఫా 21లోను, ఫిఫా 22లోను కంప్యూటరుకు దక్కినది ప్లేస్టేషన్ 4 నాటి ఆటే.

ఈ ఫిఫా 22 ఉదంతం తెలుగువారు గుర్తుంచుకోదగినది. ఆ ఆటలో మొదటిసారిగా ఇండియన్ సూపర్ లీగ్ జట్లు చేరినవి. వాటిలో హైదరాబాద్ ఎఫ్.సి. ఒకటి. ఆ జట్టు 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీలలో గెలిచి లీగ్ విజేత అయినది. అంటే ఆ వేసవిలో గుడివాడలోని పిల్లవాడు విజేతలైన హైదరాబాదు జట్టుతో ఆడవచ్చును. కాని ఆ ఏటి అసలు విశేషము మరొకటి. శరీరానికి కొలత పరికరాలు గల దుస్తులు తొడిగి 22 మంది ఆటగాళ్ళచేత నిజముగా మైదానములో పూర్తి ఆట ఆడించి, వారి కదలికలను యంత్రముచేత నేర్పించి, 4000కు పైగా కొత్త కదలికలను ఆటలో చేర్చినారు. దీనికి హైపర్‌మోషన్ అని పేరు పెట్టినారు. అది ప్లేస్టేషన్ 5కు, దాని తోటి కొత్త కన్సోళ్ళకు దక్కినది. కంప్యూటరులో హైదరాబాదు జట్టు చొక్కా వచ్చినది, పరుగు రాలేదు.

ఇట్లెందుకు చేసినారని అడుగగా, గొప్ప యంత్రం కావలెనని నియమము పెడితే సామాన్యమైన కంప్యూటర్లున్న వేలమంది ఆటకు దూరమవుతారని సంస్థవారు సమాధానము చెప్పినారు. ఆ మాటలో నిజము లేకపోలేదు. కాని పాత సరుకును కొత్త పేరుతో అమ్మినప్పుడు పెట్టె మీద ఆ సంగతి పెద్ద అక్షరాలతో ఉండవద్దా? కొన్నవారి కోపము న్యాయమే అని మా అభిప్రాయము.

2022లో ఫిఫా 23తో కంప్యూటరుకు కొత్త ఆట చేరినది. ఫిఫా పేరుతో ఆ సంస్థ చేసిన ఆటలలో అది కడపటిది. 2023 నుంచి ఎఫ్.సి. అను పేరు వచ్చినది. ఇప్పుడు శివారుకు వెళ్ళినది ప్లేస్టేషన్ 4. పేరు, జట్లు, సంవత్సరము అన్నీ ఒకటే. కాని నిజమైన మ్యాచ్‌ల నుంచి తీసిన కొత్త కదలికలు కంప్యూటరుకు, ప్లేస్టేషన్ 5కు ఉన్నవి, ప్లేస్టేషన్ 4కు లేవు. గుడివాడ చిన్నవాని కంటికి కనబడిన పరుగు భేదము ఇదే. అన్నగారు అన్నట్లు అది సాకు కాదు.

ఐతే చిన్నవాడు ఓడిపోయిన మాటా నిజమే. దానికి కారణము వేరు. ఇంట అతడు ఆడునది కీబోర్డు మీద. కీబోర్డులో దిక్కులు చూపు మీటలు నాలుగు. ఒకటొకటిగా నొక్కితే నాలుగు దిక్కులు, రెండేసి కలిపి నొక్కితే నాలుగు మూలలు, వెరసి ఎనిమిది. కన్సోలుతో వచ్చు కంట్రోలరు మీద బొటనవ్రేలి క్రింద చిన్న పుల్ల వంటిది ఉన్నది. దానిని చుట్టూ ఏ వైపుకైనా, కొద్దిగానో గట్టిగానో వంచవచ్చును. కీబోర్డు ఆటగాడు పాసు ఇచ్చునప్పుడు ఎనిమిది బాటలలో ఒకటి ఎంచుకోవలెను. కంట్రోలరు ఆటగాడికి మైదానమంతా బాటే. కీబోర్డు మీద ఆరితేరినవారు లేకపోలేదు. చేతికి అలవాటైనది ఏదో అదే మేలు అనువారూ ఉన్నారు. చిన్నవాని వ్రేళ్ళకు ఆ పుల్ల కొత్త, అంతే. ప్లేస్టేషన్ 4 కంట్రోలరును తీగతో కంప్యూటరుకు తగిలించి ఆడవచ్చునని చెప్పగానే అతని ముఖము వికసించినది.

ఎనిమిది అన్న మాట వచ్చినది కాబట్టి ఒక ముచ్చట చెప్పక తప్పదు. 1927 జనవరి 22న బి.బి.సి. వారు మొట్టమొదటిసారిగా ఒక ఫుట్‌బాల్ ఆటకు రేడియో వ్యాఖ్యానము ప్రసారము చేసినారు. ఆట ఆర్సెనల్‌కు, షెఫీల్డ్ యునైటెడ్‌కు మధ్య. చూడని మైదానమును శ్రోత ఊహించుట ఎట్లు? వారి కార్యక్రమ పత్రికలో మైదానమును ఎనిమిది గళ్ళుగా గీసి, అంకెలు వేసి అచ్చువేసినారు. వ్యాఖ్యాత ఆట చెబుతూ ఉండగా ప్రక్కనున్నవారు బంతి ఏ గడిలో ఉన్నదో అంకె చెప్పేవారు. ఇంటింటా ఆ పత్రిక ముందుంచుకొని విన్నారు. వీడియో ఆటలోని వ్యాఖ్యానము దీనికి పూర్తిగా తలక్రిందులు. వ్యాఖ్యాతలు ఏ ఆటా చూడకుండా గదిలో కూర్చుండి వేలకొలది ముక్కలు చదివి పోతారు. గోలు పడినప్పుడు తగిన ముక్కను యంత్రము ఎత్తి వేస్తుంది. వృత్తిరీత్యా మా చెవి దీనిమీదనే ఉన్నది. అరగంటలో ఒకే మాట మూడుసార్లు విన్నాము. పిల్లలకూ విసుగు పుట్టి, ఆ గొంతులను ఆపివేసి, తామే తెలుగులో చెప్పుకొనసాగినారు. వినుటకు అదే బాగున్నది.

ఇక ఇంటి ఖర్చుకు, సౌకర్యానికి సంబంధించిన సంగతులు కొన్ని. కన్సోలు ఆటను డిస్కుగా కొన్నవారు ఆడిన తరువాత మరొకరికి ఇవ్వవచ్చును, అమ్మవచ్చును. కంప్యూటరు ఆట కొన్నవారి ఖాతాకు ముడిపడి ఉంటుంది, ఇచ్చిపుచ్చుకొనుటకు రాదు. ఐతే కన్సోలు మీద దూరముననున్నవారితో ఆడుటకు వేరుగా చందా కట్టవలెను, కంప్యూటరుకు అట్టి చందా లేదు. కరెంటు పోతే టెలివిజను, కన్సోలు రెండూ ఒక్కసారి ఆరిపోతాయి. ల్యాప్‌టాప్ ఐతే బ్యాటరీ మీద కొంతసేపు నిలుస్తుంది. మన ప్రాంతపు గాలివానల కాలములో ఇది చిన్న విషయము కాదు. టెలివిజను మీద ఆడువారు దాని అమరికలలో గేమ్ మోడ్ అన్నదానిని ఎంచుకొనవలెను. లేనిచో బొమ్మకు మెరుగులు దిద్దుటలో టెలివిజను ఆలస్యము చేస్తుంది, మీట నొక్కిన తరువాత గాని కాలు కదలదు.

తాతగారి ప్రశ్నలో రెండవ భాగము మిగిలినది. పిల్లలు ఒకరికొకరు ఎందుకు కనబడలేదు? చాలాకాలము ఏ యంత్రమువారు ఆ యంత్రమువారితోనే ఆడవలసి ఉండెను. ఫిఫా 23 నుంచి ఈ గోడకు ద్వారము పెట్టినారు. కాని ద్వారములు రెండు. ప్లేస్టేషన్ 5, కొత్త ఎక్స్‌బాక్సులు, కంప్యూటరు ఒక ద్వారమున కలుస్తాయి. ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ మరొక ద్వారమున కలుస్తాయి. ఈ గదివారు ఆ గదిలోనికి పోలేరు. రెండు వేరు ఆటలైనప్పుడు ఒక మైదానము మీద కలియుట ఎట్లు? బందరులో ఉన్నది ప్లేస్టేషన్ 4, గుడివాడలో ఉన్నది కంప్యూటరు. ఎన్ని అమరికలు మార్చినా ఫలితము లేదు. కంప్యూటరులో ఫైళ్ళు మార్చి మోసముగా ఆడువారుంటారన్న భయముతో కొందరు కన్సోలువారు ఉన్న ద్వారమును కూడా తామే మూసుకుంటారు. దానిని అరికట్టుటకు సంస్థవారు ఫిఫా 23లో కంప్యూటరు లోతుల్లో పనిచేయు కాపలా ప్రోగ్రామును పెట్టగా, విడుదలైన మొదటి రోజులలో నిజాయితీపరులకే ఆట తెరుచుకోలేదు.

మేము ఇదంతా ఫోనులో చెప్పగా తాతగారు కొంతసేపు మాటాడలేదు. "అయితే బందరు వాడికి ఐదు కొనాలి, లేకపోతే గుడివాడ వాడికి నాలుగు కొనాలి. అంతేనా?" అన్నారు. అంతే అన్నాము. రెండవది చౌక కావచ్చును గాని, మంచి ఆట చేతిలో ఉన్నవానికి పాతది కొనిపెట్టినట్లవుతుందని మా సలహా. "వచ్చే పంటకు చూద్దాం లెండి," అన్నారు.

ఈలోపల చిన్నవాడు అన్నగారి రెండవ కంట్రోలరును ఎరువు తెచ్చుకొని కంప్యూటరు మీద సాధన మొదలుపెట్టినాడు. శనివారము సాయంత్రము గుడివాడలో రైలెక్కి బందరు వస్తున్నాడట. మూడవ వారము గెలుపు అతనిదే. ఎరువు ఇచ్చినది మంచి కంట్రోలరనీ, తన దగ్గర మిగిలినది అరిగినదనీ అన్నగారు చెబుతున్నారు.