ఒంటిపూట బడులొస్తున్నాయి… ఇంటి స్లాబు సంగతేంటి?



మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే, ఎండ ముదిరే వేళకే పిల్లలు ఇల్లు చేరతారు. పై అంతస్తులోనో, రేకుల గదిలోనో కూర్చుని చదివే పిల్లలకు ఫ్యాను వేసినా వేడిగాలే. పొద్దంతా ఎండను పీల్చుకున్న స్లాబు రాత్రి దాకా ఆ వేడిని గదిలోకి దించుతూనే ఉంటుంది.

ముదురు రంగు ఎండను పీల్చుకుంటుంది, తెలుపు తిప్పి పంపుతుంది. మధ్యాహ్నం నల్లగొండ గుట్టల మీద చెయ్యి పెట్టినవారికి ఈ సైన్సు పాఠం కొత్తగా చెప్పనక్కర్లేదు. దీని ఆధారంగానే మన రాష్ట్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ ప్రకటించింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులను చల్లబరచాలన్నది లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టే ఇళ్లకు ఇది తప్పనిసరి. చిన్న ఇళ్లకు యజమాని ఇష్టం. మన ఊళ్లలో ఎక్కువ ఇళ్లు చిన్నవే కాబట్టి మనమే పూనుకోవాలి.

తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయించవచ్చు, తెల్ల టైల్స్ పరిపించవచ్చు. సున్నం అన్నిటికంటే చవక, కానీ వానలకు కొట్టుకుపోతుంది. పెయింటుకు ముందు పాకురు గీకి, పగుళ్లు పూడ్చి, స్లాబును బాగా ఆరనివ్వాలి. దుమ్ము పేరుకుంటే తెలుపు పనిచేయదు, ఏటా ఎండాకాలం ముందు కడగాలి. పై అంతస్తు గదుల్లో 2 నుంచి 5 డిగ్రీల దాకా వేడి తగ్గవచ్చని అంచనా. కింది అంతస్తువారికి దీంతో పెద్దగా ఒరిగేదేమీ లేదు.

అద్దె ఇంట్లో ఉంటే ఓనరు ఒప్పుకోవాలి. ఫ్యాన్లు మాత్రం మనవే. పాత ఫ్యాను దాదాపు 75 వాట్లు తీసుకుంటే, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో తిరుగుతుంది. మూడు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 81 యూనిట్లు కావలసినచోట 32తో సరిపోతుంది. గృహజ్యోతి కింద ఉన్న కుటుంబాలకు ఈ తేడా చాలా ముఖ్యం. 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. ఆ గీత దాటిన నెల, దాటిన యూనిట్లకే కాకుండా మొత్తానికీ కట్టాలి. కరెంటు చార్జీయే వెయ్యి రూపాయలు దాటుతుంది. మేలో కూలరో ఏసీయో పెట్టిన ఇళ్లు జారేది ఇక్కడే.

మరి సోలార్? ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోని కొండారెడ్డిపల్లిలో, ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి స్వగ్రామంలో, ప్రభుత్వం ఇంటింటికీ ప్యానెళ్లు పెట్టించింది. మనం సొంతంగా పెట్టించుకుంటే కేంద్రం పీఎం సూర్యఘర్ కింద 1 కిలోవాట్‌కు 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన 78 వేల రూపాయల సబ్సిడీ ఇస్తుంది. ఇప్పటికే సున్నా బిల్లు వచ్చే ఇంటికి తొందరేమీ లేదు. ప్రతి నెలా 300 యూనిట్లు దాటేవారు మాత్రం ఆలోచించాలి. ఒక కిలోవాట్ ప్యానెల్ మంచి ఎండలో రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. ముందు పైకప్పు, ఫ్యాన్లు సరిచేసుకుని, రెండు మూడు నెలల బిల్లులు చూశాక సైజు తేల్చుకుంటే, 3 కిలోవాట్లు అనుకున్న ఇంటికి 2 కూడా చాలవచ్చు.