బాల్య ఉబ్బసం: జన్యువుల పాత్ర, పరిసరాల పాత్ర

ఉబ్బసంలో శ్వాసనాళాల లోపలి పొర వాస్తుంది, చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. గాలి దారి ఇరుకై ఆయాసం, పిల్లికూతలు వస్తాయి. ఈ వ్యాధి కొన్ని కుటుంబాలలో తరతరాలుగా కనిపిస్తుంది. అయితే దీనికి జన్యువులు మాత్రమే కారణమా?

2016లో వెలువడిన ఒక అమెరికా పరిశోధన ఈ ప్రశ్నను పరిశీలించింది. అమిష్, హట్టరైట్ అనేవి ఐరోపా నుంచి అక్కడికి వలస వెళ్లిన రెండు వ్యవసాయ సమాజాలు. వీరి జన్యు వారసత్వం, ఆహారపు అలవాట్లు దాదాపు ఒకే రకం. తేడా సేద్యంలో ఉంది. అమిష్‌లు గుర్రాలతో సేద్యం చేస్తారు, వారి పశువుల కొట్టాలు ఇళ్ల దగ్గరే ఉంటాయి. హట్టరైట్‌లు పెద్ద ఉమ్మడి క్షేత్రాలను యంత్రాలతో సాగుచేస్తారు. బడి వయసు పిల్లలలో ఉబ్బసం అమిష్‌లలో 5.2 శాతం కాగా, హట్టరైట్‌లలో 21.3 శాతం. అమిష్ ఇళ్ల ధూళిలో బాక్టీరియా సంబంధిత పదార్థమైన ఎండోటాక్సిన్ 6.8 రెట్లు ఎక్కువగా ఉంది.

అమిష్ ఇళ్ల ధూళి సారాన్ని ముక్కు ద్వారా ఇచ్చిన ఎలుకలలో అలర్జీ వల్ల కలిగే శ్వాసనాళాల వాపు తగ్గింది. సహజ రోగనిరోధక సంకేతాలను చేరవేసే ప్రోటీన్లు లేని ఎలుకలలో ఈ రక్షణ కనిపించలేదు. అంటే పరిసరాలు సహజ రోగనిరోధక వ్యవస్థ ద్వారా పనిచేస్తున్నాయని తెలుస్తుంది.

దుమ్ము మందు అని దీని అర్థం కాదు. ఉబ్బసం ఉన్న బిడ్డకు దుమ్ము ఆయాసాన్ని పెంచవచ్చు. వైద్యుడు సూచించిన ఇన్‌హేలర్‌ను సొంతంగా మానకూడదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి: పిల్లల సర్వేకు తోడు ఎలుకలపై ప్రయోగం ఎందుకు అవసరమైంది?