గుమ్మడికాయకు కోరలు దిద్దుదాం

నంద్యాలలో కొత్తగా లేస్తున్న ఏ ఇంటి ముందు ఆగి తలెత్తి చూసినా ఒక మొహం గుడ్లురుముతూ కనిపిస్తుంది. ఉట్టిలో వేలాడే బూడిద గుమ్మడికాయ అది. దాని మీద రంగులతో దిద్దిన గుండ్రటి కళ్లు, మెలి తిరిగిన మీసాలు, బయటికి చాచిన ఎర్రటి నాలుక, అటొకటి ఇటొకటి కోరలు. ఎవరి దిష్టీ తగలకూడదని ఇంటివాళ్లు కట్టిస్తారు. ఇలాంటి మొహాల కింది నుంచి రోజూ బడికి పోయి వచ్చే మన పిల్లలకు, అక్టోబరు 31 రాత్రి అమెరికాలో ఇళ్ల ముందు వెలిగే గుమ్మడికాయ మొహం పరాయిది కానే కాదు.

నేను ఆళ్లగడ్డలో పుట్టి, నంద్యాలలో డ్రాయింగు టీచరుగా పనిచేసి రిటైరయినదాన్ని. మా వీధి పిల్లలందరికీ జేజిని. అక్టోబరు చివరికొచ్చేసరికి వాళ్లంతా మా మిద్దె మీద చేరతారు. బడిలో హాలోవీన్‌కు వేషం వేసుకుని రమ్మన్నారని ఒకరు, అమెరికాలో ఉన్న పెదనాన్న కొడుకు ఫోన్లో చూపించాడని ఇంకొకరు, అలా మొదలైంది. అమ్మలేమో అప్పటికే ఆన్‌లైన్‌లో ముసుగు, ప్లాస్టిక్ సాలెగూడు తెప్పించేసి ఉంటారు. ఆ ముసుగు పెట్టుకుంటే రబ్బరు వాసన, ఊపిరాడదు, తెల్లారేసరికి చెత్తబుట్టలో ఉంటుంది. నాకది గిట్టదు. పిల్లలకు కొంచెం భయపడటం ఇష్టం. పెద్దవాళ్ల చెయ్యి అందేంత దగ్గరలో ఉండి భయపడటం మరీ ఇష్టం. ఆ భయపెట్టే బొమ్మను వాళ్ల చేతే చేయిస్తే వాళ్లకు ధైర్యం వస్తుంది, తాను దిద్దిన కోరలకు తాను జడుసుకునే పిల్లను నేను చూడలేదు. కావలసిన సామానంతా మన సంతలో, మన చేలో, మన పోపులపెట్టెలో ఉంది.

ఇది మన పండుగ కాదు కదా అని అడిగే పెద్దవాళ్లకు నా జవాబు ఒకటుంది. ఐర్లండు, స్కాట్లండు ప్రాంతాల్లో పూర్వం పంటలు ఇంటికి చేరి, చలికాలం మొదలయ్యే వేళ చేసుకున్న పండుగ దీనికి మూలం. ఆ రాత్రి చనిపోయినవాళ్లు ఇళ్లకు తిరిగి వస్తారని నమ్మేవాళ్లు. క్రైస్తవం వచ్చాక నవంబరు 1 పునీతులందరి పండుగ, 2 చనిపోయినవారి కోసం ప్రార్థించే రోజు అయ్యాయి. ఐర్లండువాళ్లు మొదట్లో మొహాలు చెక్కింది టర్నిప్ దుంపల మీద. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాకు వలస పోయాక అక్కడ గుమ్మడికాయ దొరికింది, దుంపకన్నా పెద్దది, తొలచడానికి తేలిక. ఇక మన సంగతి చూడండి. భాద్రపదంలో పెద్దల అమావాస్యకు పోయినవాళ్ల పేరు తలుచుకుని వాళ్లకు ఇష్టమైనవన్నీ వండిపెడతాం. నవంబరు 2న క్రైస్తవ కుటుంబాలు సమాధులకు సున్నం కొట్టి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తాయి. పీర్ల పండుగకు, దసరాకు ఒళ్లంతా పసుపురంగు పూసుకుని నల్లచారలు దిద్దుకున్న పులివేషగాళ్లు డప్పుకు చిందేస్తుంటే పిల్లలు సగం దూరం పారిపోయి మళ్లీ వెనక్కి వస్తారు. ఇంటింటికీ తిరిగి తినుబండారం అడగడం కూడా మనకు తెలిసిందే. దసరాకు బడి పిల్లలు విల్లంబులు పట్టుకుని అయ్యవారి వెంట ఇల్లిల్లూ తిరిగి పప్పుబెల్లాలు పెట్టించుకునేవాళ్లని మా అమ్మ చెప్పేది. 2024లోనైతే దీపావళి, హాలోవీన్ ఒక్కరోజే వచ్చాయి. మా మిద్దె మీద ప్రమిదల వరసలోనే గుమ్మడికాయ మొహం కూడా వెలిగింది, ఏ దేవుడికీ కోపం రాలేదు.

ఆళ్లగడ్డ పిల్లగా నాకు భయంకరమైన మొహమంటే చిన్నప్పటి నుంచీ చనువే. అక్కడ శిల్పుల పని చూస్తూ పెరిగాను. గుడి తోరణం నడినెత్తిన ఉండే కీర్తిముఖం చెక్కడం చూడండి ఎప్పుడైనా. ముందు రెండు ఉబ్బు కళ్లు, ఆ తర్వాత ముక్కు, చివరికి కోరలు. కింది దవడ ఉండదు. అంత భయంకరమైన మొహాన్ని గుడికి కాపలాగా పెట్టుకున్నారు మనవాళ్లు. ఆళ్లగడ్డకు సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో అహోబిలం. అక్కడి దేవుడు ఉగ్రనరసింహుడే అయినా, చెంచులక్ష్మిని పెళ్లాడాడు కాబట్టి చెంచులకు అల్లుడు. కనుమ నాడు మొదలయ్యే పారువేటలో ముప్పైకి పైగా ఊళ్లు పల్లకీలో తిరిగి తన పెళ్లికి రమ్మని జనాన్ని పిలుస్తాడు. గోళ్లతో రాక్షసుడి పొట్ట చీల్చిన దేవుడు ఇంటి ముందుకు వచ్చి పిలిస్తే మా ఊరి పిల్లలు ఎదురు పరిగెత్తి పోతారు. పిల్లలకు భయం గురించి నేర్పాల్సింది ఇంతకు మించి లేదు.

ఇక పనిలోకి దిగుదాం. గుమ్మడికాయలు రెండు రకాలు, రెంటికీ వేరే పని. బూడిద గుమ్మడిని కోయవద్దు, దాని మీద బొమ్మ గీయించండి. పైన ఉన్న బూడిద తడిగుడ్డతో పోయేదాకా తుడిచి ఆరబెట్టాలి, లేకపోతే రంగు నిలవదు. తీపి గుమ్మడిని తొలిచి దీపం పెట్టండి. తొడిమ చుట్టూ చాకును ఏటవాలుగా దించి మూత కోస్తే, ఆ మూత లోపలికి జారిపోకుండా కూర్చుంటుంది. ఈ కోత పెద్దవాళ్లది. లోపల గుజ్జు గరిటెతో గీకడం పిల్లలది, చేతులు జిగురయ్యే ఆ పనికే వాళ్లు పోట్లాడుకుంటారు. మొహం ముందు బొగ్గుతో గీసి, కళ్లు పెద్దవిగా, పళ్లు తక్కువగా పెట్టండి. సన్న పళ్లు మన ఎండకు ఒక పూటలో వాడి వంగిపోతాయి. నంద్యాల వేడికి తొలిచిన కాయ రెండు రోజులకు మించి ఆగదు కాబట్టి 31 పొద్దునే చేసుకోవాలి. లోపల ప్రమిద పెడితే మూత తెరిచి ఉంచండి. పక్కన చిన్నపిల్లలు, వేలాడే బట్టలు ఉంటే మాత్రం బ్యాటరీ దీపమే మేలు.

సాలెగూటికి డబ్బు పెట్టవద్దు. మనది పత్తి పండే నేల. 1906లో మొదలైన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చిన పత్తి రకాల్లో ఒకదాని పేరు నరసింహ అని చెబితే పిల్లలు నోళ్లు వెళ్లబెట్టి విన్నారు. పిడికెడు దూదిని ఇద్దరు పిల్లలు చెరో కొసా పట్టుకుని మెల్లగా సాగదీస్తే గాలికి కదిలే గూడు వస్తుంది. కిటికీ ఊచలకు తగిలిస్తే చాలు. దీపాల దగ్గరికి మాత్రం రానీయకూడదు, దూది భగ్గుమంటుంది. పత్తి తీసేశాక చెట్టున మిగిలే ఎండు కాయ గుల్లలను పారేయకండి. నాలుగైదు మొనలు విచ్చుకుని బిగుసుకున్న ఆ గుల్ల అచ్చం గోళ్ల పంజా. ఎండు కట్టెకు కట్టి గోడ మూల నుంచి బయటికి పొడుచుకు వచ్చేట్టు పెడితే మా పాలు పోసే అబ్బాయే ఒకసారి ఉలిక్కిపడ్డాడు.

ఎముకల బొమ్మకు జొన్నదంటు. పాత వామిలో లావుపాటి దంట్లు ఏరి, పైపేడు ఒలిస్తే లోపల తెల్లటి బెండు. మా చిన్నప్పుడు దానితో ఎద్దులబండ్లు, కళ్లద్దాలు చేసుకునేవాళ్లం. అదే బెండును ముక్కలు కోసి, ఒలిచిన పేడునే పుల్లలుగా గుచ్చి కలుపుతూ పోతే చేతులు, కాళ్లు, పక్కటెముకలు అన్నీ వచ్చేస్తాయి. జిగురు అక్కరలేదు. పేడు అంచు బ్లేడులా కోస్తుంది, అందుకే ఒలవడం పెద్దవాళ్లు చేసి ఇవ్వాలి. తలకు పీచు తీసిన కొబ్బరిచిప్ప. చిప్పకు పుట్టుకతోనే మూడు కళ్లు ఉన్నాయి, మనం చెక్కాల్సిందేమీ లేదు.

నాకన్నిటికన్నా ఇష్టమైంది రక్తాక్షరాల కాగితం. పసుపును నీళ్లలో చిక్కగా కలిపి తెల్ల కాగితం నిండా పూసి ఆరబెట్టండి. గ్లాసు నీళ్లలో చెంచాడు వంటసోడా కరిగించి, పుల్లకు దూది చుట్టి, దానితో రాయమనండి. రాసిన చోటల్లా పసుపు ఎర్రగా తిరుగుతుంది. పారాణికి పసుపులో సున్నం కలిపితే ఎరుపెక్కేది కూడా ఈ కారణంగానే: పసుపులోని రంగు పదార్థం క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే తిరిగి పసుపు పచ్చనవుతుంది. అక్షరాల మీద నిమ్మరసం చుక్క వేసి చూపించండి, రక్తం మాయమవుతుంది. పోయినేడాది ఒక చిన్నది ఆ కాగితం మీద "లోపలికి రావద్దు, జేజి ఉంది" అని రాసి మా తలుపుకు అంటించింది. సున్నంతో మాత్రం చేయించకండి, కంట్లో పడితే ప్రమాదం.

వేషాలకు పులి చాలు. శనగపిండి, పసుపు, పెరుగు కలిపితే ఒంటిరంగు. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి పట్టిన మసిని చుక్క నేతిలో రంగరిస్తే చారలు. కళ్ల చుట్టూ వద్దు. స్నానం చేస్తే పోతుంది, చర్మం మండదు.

చీకటి పడ్డాక దుప్పటి కట్టి వెనక టార్చిలైటు పెడతాం. నిమ్మలకుంట తోలుబొమ్మలవాళ్ల ఆట మిద్దె మీదికి దించినట్టే అనుకోండి, తోలుకు బదులు అట్టముక్కలు. అహోబిలం ఉగ్రస్తంభం పిల్లలందరికీ తెలుసు కాబట్టి కథ కొత్తగా చెప్పనక్కరలేదు. స్తంభం అట్టను రెండు ముక్కలుగా కోసి, రెండు పుల్లలకు అంటించి, అదను చూసి విడదీస్తే మధ్యలోంచి సింహం తల. హిరణ్యకశిపుడి పుల్ల పట్టుకోవడానికే పోటీ ఎక్కువ.

తినడానికి మొట్టమొదట వేళ్లు. రెండు గ్లాసుల బియ్యప్పిండికి రెండు గ్లాసుల నీళ్లు మరగనిచ్చి, ఉప్పు, కారం, జీలకర్ర, చెంచా వెన్న వేసి, పొయ్యి ఆర్పి పిండి పోసి మూత పెట్టాలి. గోరువెచ్చగా అయ్యాక మెత్తగా పిసికితే చేగోడీల పిండి. దాన్ని వేలంత పొడవున తాల్చి, రెండుచోట్ల కణుపుల్లా కాస్త నొక్కి, చాకు మొనతో మూడేసి గీతలు గీయండి. కొసన ఎర్రపొట్టుతో ఉన్న బుడ్డపప్పు బద్దను తడిచేసి లోతుగా అదిమితే గోరు. పైపైన అంటిస్తే నూనెలో ఊడిపోతుంది. మధ్యమ మంట మీద నిదానంగా వేయిస్తే మంత్రగత్తె వేళ్లు కరకరలాడతాయి. ఐదేళ్లలోపు వాళ్లకు బుడ్డలు గొంతులో అడ్డం పడతాయి, వాళ్లవాటికి గోరు పెట్టకండి.

బొరుగుల ఉండలతో పుర్రెలు చేయండి. ఆరు గ్లాసుల బొరుగులకు గ్లాసు బెల్లం. పాకం చుక్క నీళ్లలో వేస్తే ఉండై గిన్నెకు కొట్టినప్పుడు టక్కుమనాలి. చేతికి నెయ్యి రాసుకుని వేడి మీదే ఉండలు కట్టి, కిస్‌మిస్ కళ్లు, కొబ్బరి ముక్కల పళ్లు అద్దాలి. పాకం వేడి చాలా పొగరుది, ఉండ కట్టడం పెద్దవాళ్లు, మొహం దిద్దడం పిల్లలు. తాగడానికి నన్నారి షర్బత్తు. నల్లమల వేరుతో చేసే ఆ ముదురు ఎరుపు షర్బత్తులో నిమ్మకాయ పిండి, నానబెట్టిన సబ్జా గింజలు వేస్తే ప్రతి గింజ చుట్టూ జిగట, మధ్యలో నల్లచుక్క. కప్పగుడ్లు అని చెప్పి ఇవ్వండి. ముందు ఛీ అంటారు, తర్వాత రెండో గ్లాసు అడుగుతారు.

తొలిచిన గుజ్జును పారేసే ఇంట్లో హాలోవీన్ చేయవద్దనే నేనంటాను. దాన్ని బెల్లం వేసి పులుసు పెట్టండి, లేదా నేతిలో వేయించి హల్వా చేయండి. గింజలు కడిగి, ఎండబెట్టి, ఉప్పునీళ్లు చల్లి వేయిస్తే బడికి పట్టుకుపోతారు. దిష్టి గుమ్మడికాయలను నడిరోడ్డు మీద పగలగొట్టి వదిలేసే అలవాటు ఇప్పటికైనా మానాలి, వాటి మీద జారిపడే బండ్లను అమావాస్య మర్నాడు మన వీధుల్లో చూస్తూనే ఉన్నాం. వెలిగి ఆరిన కాయనైనా రోడ్డు మీద వేయకండి. మసి, నూనె అంటిన చోట చెక్కేసి, మిగతాది ముక్కలు కోసి ఎనుముకు పెట్టండి.