ఒకే మోతాదు అందరికీ సరిపోదు: మందు లెక్క తేల్చే సాఫ్ట్‌వేర్

ఒకే మందు, ఒకే మోతాదు. అయినా ఒక రోగికి జబ్బు నయమవుతుంది. మరొకరికి గుణం కనిపించదు. ఇంకొకరికి దుష్ప్రభావాలు తలెత్తుతాయి. శరీర బరువు, వయసు, కాలేయం, మూత్రపిండాల పనితీరు, జన్యువుల్లోని తేడాలు ఇందుకు ముఖ్య కారణాలు. ఈ తేడాలను లెక్కగట్టి, ఎవరికి ఎంత మందు అవసరమో అంచనా వేయడానికి పరిశోధకులు ప్రత్యేక గణాంక సాఫ్ట్‌వేర్‌ను వాడుతున్నారు.

మందు రక్తంలో కలవడం, అవయవాలకు చేరడం, విచ్ఛిన్నం కావడం, బయటకు పోవడం అనే దశలను అధ్యయనం చేసే శాస్త్రమే ఫార్మకోకైనెటిక్స్. ఇందుకు పూర్వం ఒక్కొక్కరి నుంచి పలుమార్లు రక్తం సేకరించేవారు. ఆరోగ్యవంతులైన వాలంటీర్ల విషయంలో అది సాధ్యమే. కానీ నవజాత శిశువుల నుంచి, ఐసీయూలోని రోగుల నుంచి అన్నిసార్లు రక్తం తీయడం కష్టం.

ఈ చిక్కుకు 1970వ దశకంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన లూయిస్ షైనర్, స్టువర్ట్ బీల్ పరిష్కారం చూపారు. ఒక్కొక్కరి నుంచి రెండు మూడు నమూనాలే ఉన్నా, ఎందరో రోగుల సమాచారాన్ని కలిపి విశ్లేషించే పద్ధతిని రూపొందించారు. ఫోర్‌ట్రాన్ భాషలో రాసిన వారి ‘నాన్‌మెమ్’ నేటికీ వాడుకలో ఉంది. ఫ్రాన్స్‌లో రూపుదిద్దుకున్న ‘మోనోలిక్స్’, ఉచితంగా లభించే ‘ఎన్ఎల్‌మిక్సర్’ తరువాత వచ్చాయి.

ఎలా పనిచేస్తుంది?

సాఫ్ట్‌వేర్ మొదట సగటు రోగిలో మందు ఎంత వేగంగా తొలగిపోతుందో అంచనా వేస్తుంది. తరువాత బరువు, మూత్రపిండాల పనితీరు వంటివి ఆ వేగాన్ని ఎంత మారుస్తాయో చూస్తుంది. అప్పటికీ మిగిలే తేడాను వ్యక్తుల మధ్య వ్యత్యాసంగా, కొలతల్లోని దోషంగా విడదీస్తుంది.

పిల్లల మోతాదులో దీని విలువ తెలుస్తుంది. 20 కిలోల పిల్లవాడి బరువు 70 కిలోల పెద్దవారి బరువులో సుమారు 29 శాతం. అయితే సాధారణంగా వాడే సూత్రం ప్రకారం అతడి శరీరం మందును తొలగించే సామర్థ్యం పెద్దవారిలో దాదాపు 39 శాతం ఉంటుంది. కేవలం బరువును బట్టి మోతాదు తగ్గిస్తే మందు చాలకపోవచ్చు. నవజాత శిశువుల్లో అవయవాలు ఇంకా పరిణతి చెందవు కాబట్టి లెక్క వేరుగా ఉంటుంది.

క్షయ చికిత్సలో ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో పిల్లలకు రోజువారీ మోతాదులను పెంచింది. కిలో బరువుకు ఐసోనియాజిడ్‌ను 5 నుంచి 10 మిల్లీగ్రాములకు, రిఫాంపిసిన్‌ను 10 నుంచి 15 మిల్లీగ్రాములకు సవరించింది. ఐసోనియాజిడ్‌ను కొందరి శరీరం వేగంగా, కొందరి శరీరం నెమ్మదిగా విచ్ఛిన్నం చేస్తుంది. ఈ తేడా జన్యుపరమైనది.

పరిమితులు

సమాచారం ఎలాంటిదో ఫలితమూ అలాంటిదే. ఒక దేశపు రోగులపై కట్టిన నమూనాను పోషకాహార లోపం, జన్యు వైవిధ్యం ఉన్న మరో జనాభాకు పరీక్షించకుండా వర్తింపజేయడం ప్రమాదకరం. అందుకే మన రోగుల సమాచారంతో నమూనాలను సరిచూడటం అవసరం. సాఫ్ట్‌వేర్ అంచనా మాత్రమే ఇస్తుంది. రోగిని పరీక్షించి మోతాదు నిర్ణయించాల్సింది వైద్యుడే.