నాయనమ్మ శ్రుతికి నా కీబోర్డు

వేంసూరులో మా ఇంటి స్టూడియో అంటే ఓ కీబోర్డు, బ్యాటరీలతో నడిచే రికార్డర్. అంతే! ల్యాప్‌టాప్ లేదు. ఏఆర్ రెహమాన్ కూడా 1989లో చెన్నైలో ఇంటి పెరట్లోనే స్టూడియో పెట్టుకున్నాడు కదా అని నా ధైర్యం.

సంక్రాంతికి నాయనమ్మ నాట్ల పాట పట్టుకుందామని ఫ్యాన్ ఆపి, రికార్డర్ ఆమెకు దగ్గరగా పెట్టా. నా శ్రుతి ఆమెకు అందలేదు. "నీ పెట్టెనే నా దారికి తెచ్చుకోరా" అంది. ట్రాన్స్‌పోజ్ బటన్ ఒక్కసారి నొక్కితే పక్క కీ అంత దిగుతుంది. రెండుసార్లు నొక్కా, కలిసింది.

నాలుగు నిమిషాల వేవ్ ఫైల్, దాదాపు 40 ఎంబీ. మూడో చరణం మాత్రం లేదు. ఆమెకు గుర్తు రాలేదు. కిందటేడే కూర్చోవాల్సింది. మీరు ఆలస్యం చేయకండి.